అటు తిరిగినా ఇటు తిరిగినా

మా వీధిలో ఒక లెక్కల మాస్టారున్నారు. ఉద్యోగ విరమణ చేసి చాలా ఏళ్ళైంది కానీ పరీక్ష పెట్టే అలవాటు మాత్రం ఆయన్ను వదల్లేదు. కనిపించినప్పుడల్లా చొక్కా జేబులోంచి ఒక చీటీ తీసి చేతిలో పెడతారు. మందుల చీటీ వెనకో, కరెంటు బిల్లు అంచునో రాసిన ఒకే ఒక్క వాక్యం. పోయిన మంగళవారం ఇచ్చిన చీటీలో ఇలా ఉంది: ‘అటు తిరిగినా ఇటు తిరిగినా పట్టేది అదే (3)’. బ్రాకెట్లో అంకె జవాబుకు ఎన్ని అక్షరాలో చెబుతుంది. ఆయన టీ తాగి, నా ముఖంలోకి ఒకసారి చూసి, తృప్తిగా వెళ్ళిపోయారు.

గళ్ళ నుడికట్టు పూరించేవాళ్ళకు ఈ అవస్థ తెలుసు. మాటలన్నీ రోజూ వాడేవే. వాక్యంలో అర్థం కానిదంటూ లేదు. అయినా తలుపు లేని గది ముందు నిలబడ్డట్టుంటుంది. పట్టేది ఏమిటి? గ్రహణం పడుతుంది. మూడక్షరాలే. పైగా తిరిగేవి భూమీ చంద్రుడూ కదా! ఒక పూటంతా గ్రహణంతోనే ఊరేగాను. కానీ గ్రహణం ఎటు పడితే అటు తిరిగితే పట్టదు, దానికి పంచాంగం ఉంది. సాయంత్రానికి చెమట తట్టింది. అదీ మూడే. బెజవాడ ఎండల్లో ఫాను కింద ఎటు తిరిగి కూర్చున్నా పట్టేది అదేగా! సంబరంగా మాస్టారికి ఫోను చేశాను. ‘‘చెమటకైతే ఆ రెండు తిరగడాలూ ఎందుకండీ? నేను మాటను ఊరికే ఖర్చు పెట్టను’’ అని పెట్టేశారు.

ఈ ఆటకున్న ధర్మమంతా ఆ కసురులో ఉంది. ఆధారంలో ఒక్క మాట కూడా ఊరికే ఉండదు. మామూలు నుడికట్టు మనకు తెలిసిందో లేదో అడుగుతుంది. ఫలానా నది పుట్టిన చోటు, ఫలానా కవి రాసిన కావ్యం... తెలిస్తే నింపుతాం, తెలియకపోతే నిఘంటువు తీస్తాం. గూఢ నుడికట్టు అలా అడగదు. కావలసిన సరుకంతా వాక్యంలోనే పెట్టి మన ముందుకు తోస్తుంది. తెలియకపోవడం వేరు, కళ్ళెదుట ఉన్నది కనబడకపోవడం వేరు. మొదటిదానికి సిగ్గు పడనక్కర్లేదు. రెండోది మాత్రం కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికినట్టుంటుంది.

ఒక తేలిక ఆధారం చూడండి: ‘రామాలయంలో దండ (2)’. చదవగానే మనసు గుడిలోకి పోతుంది. సీతమ్మ మెడలోని పూలు, హారతి, పూజారి అన్నీ కనిపిస్తాయి. వెతకవలసింది గుడిలో కాదు, ‘రామాలయం’ అన్న మాటలో. రా, మా, ల, యం. నడుమన ‘మాల’ దండలాగే వేలాడుతోంది. ఇంకొకటి: ‘వారంలో రోజులన్నీ కలిస్తే ఏడాదే! (2)’. లెక్క తప్పని మాస్టారు ఇలా రాశారంటే అనుమానించాల్సిందే. జవాబు ‘ఏడు’. వారంలోని రోజులూ అన్నే, సంవత్సరానికి పేరూ అదే. తెలుగు అంకెలు ఇలాంటి కొంటెపనికి పుట్టినట్టే ఉంటాయి. ‘ఏడు’ అంటే అంకె, సంవత్సరం, ఏడవమన్న ఆజ్ఞ. ‘ఆరు’ అంటే తడి పోవడం కూడా. ‘నూరు’ అంటే రోట్లో పచ్చడి పని.

మోసమే. కాకపోతే మోసం చేయబోతున్నానని ముందే చెప్పి, చేసే చోటు చూపించి, చేసిన తర్వాత లెక్క అప్పజెప్పే మోసం. ఆధారం పైకి చెప్పే కథ ఒకటి, లోపల చేసే పని ఒకటి. పైకథ కూర్పరి ఇష్టం, అది అబద్ధమైనా అడిగేవాడు లేడు. లోపలి పని మాత్రం తూకానికి నిలబడాలి. ఇంగ్లాండులో అఫ్రిట్ అన్న మారుపేరుతో పజిళ్ళు కూర్చిన రిచీ ఈ న్యాయం గురించే పట్టుబట్టాడు. కూర్పరి తాను అన్నదాన్నే మనసులో ఉంచుకోనక్కర్లేదు కానీ, మనసులో ఉన్నదాన్ని మాత్రం అనితీరాలన్నది ఆయన సూత్రం. ఆయన ఒక బడికి ప్రధానోపాధ్యాయుడు. ఈ విద్యలో బడిపంతుళ్ళు ఇంతమంది ఎందుకున్నారో ఆలోచిస్తే నవ్వొస్తుంది. పిల్లలు ఎక్కడ పొరబడతారో వాళ్ళకన్నా ఎవరికి తెలుసు!

గళ్ళ నుడికట్టు పుట్టింది అమెరికాలో. 1913 డిసెంబరు 21న ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రిక ఆదివారం సంచికలో ఆర్థర్ విన్ వేసిన వజ్రాకారపు గళ్ళు దానికి ఆద్యం. విన్ ఇంగ్లాండులోని లివర్‌పూల్ నుంచి వలసపోయినవాడు. 1924లో లండన్ ‘టైమ్స్’ ఈ పిచ్చికి అమెరికా బానిసైపోయిందని వెక్కిరించింది. ఆరేళ్ళు తిరక్కుండానే, 1930 ఫిబ్రవరి 1న తానూ వేసుకోక తప్పలేదు. మొదటి పజిలు కూర్చిన ఏడ్రియన్ బెల్ పొలం దున్నుకుంటూ పుస్తకాలు రాసుకునే మనిషి. అంతకుముందు ఒక్క నుడికట్టూ పూరించినవాడు కాదు. మనమైతే ఈత రానివాణ్ణి గోదాట్లోకి తోశారంటాం. ఆయన ఆ తర్వాత దశాబ్దాలపాటు ఈదాడు.

ఆధారాన్ని ప్రశ్న స్థాయి నుంచి పొడుపుకథ స్థాయికి ఎత్తిన ఘనత ఎడ్వర్డ్ పోయిస్ మాథర్స్‌ది. 1926 నుంచి ‘అబ్జర్వర్’లో టార్కెమాడా పేరుతో కూర్చాడు. టార్కెమాడా ఎవరో కాదు, స్పెయిన్‌లో మతవిచారణ పేరిట జనాన్ని చిత్రహింసలు పెట్టించిన అధికారి. 1939లో మాథర్స్ పోయాక ఆ కుర్చీలోకి వచ్చిన మెక్‌నట్, ప్రాచీన భాషలు చెప్పే పంతులు, ఇంకో మతవిచారణాధికారి పేరు ఎంచుకున్నాడు: జిమెనెస్. ఆయన తర్వాత 1972లో వచ్చిన జోనథన్ క్రౌదర్ పేరు ఏజెడ్. డెజా అన్న మరో విచారణాధికారి పేరును ఇంగ్లీషు అక్షరాల్లో వెనక నుంచి చదివితే అదే వస్తుంది, పైగా వర్ణమాల మొదటి అక్షరం, చివరి అక్షరం కూడా అందులోనే. ఇన్ని తరాలు హింసకుల పేర్లు వంశపారంపర్యంగా పెట్టుకుని ఆ పెద్దమనుషులు చేసిందేమిటయ్యా అంటే, పాఠకుడికి అన్యాయం జరక్కుండా నియమాలు రాయడం. 1966లో జిమెనెస్ ఈ కళ మీద ఒక పుస్తకమే రాశాడు. ఆధారంలో సరైన అర్థం ఉండాలి, మాట తయారయ్యే దారి న్యాయంగా ఉండాలి, ఆ రెండూ తప్ప మూడోది ఉండకూడదు అన్నది ఆ సంప్రదాయం. మా మాస్టారు జిమెనెస్‌ను చదివారో లేదో నాకు అనుమానమే. చెమట దగ్గర ఆయన పట్టుకున్న తప్పు మాత్రం అచ్చంగా అదే.

ఇంగ్లీషు కూర్పరికున్న సౌకర్యం చూస్తే తెలుగు కూర్పరికి అసూయ కలగాలి. వాళ్ళవి ఇరవయ్యారు అక్షరాలు, అచ్చు హల్లు దేనికది విడి. సంచిలో గవ్వల్లా కలిపి పారబోయొచ్చు. జి, ఇ, జి, ఎస్ అని నాలుగక్షరాలు అర్థం లేకుండా పడేసి జవాబు అడిగే పాత ఆధారం ఒకటి వాళ్ళలో ప్రసిద్ధం. అవి ‘ఎగ్స్’ అన్న మాటలోని అక్షరాలే, చెల్లాచెదురుగా. కనక జవాబు ‘స్క్రాంబుల్డ్ ఎగ్స్’, మన భాషలో చెప్పాలంటే గుడ్డు పొరటు. వాళ్ళ గళ్ళలో ‘ఫ్లవర్’ అన్న మాట కనిపిస్తే పువ్వు అనుకోకూడదు, పారేది కనక అది నది కావచ్చు.

మన గడిలో కూర్చునేది అక్షరం కాదు, గుణింతంతో ఒత్తుతో సహా మొత్తం సంసారం. ‘స్త్రీ’కి ఒక్క గడి చాలు. ‘స్వాతంత్ర్యం’ అంత పెద్ద మాటా మూడు గళ్ళలో సర్దుకుంటుంది. ‘కి’ని విడగొట్టి ‘క’నూ ‘ఇ’నీ వేరే చోట వాడుకోవడం కుదరదు. అడ్డంలో ‘ర్యం’ వచ్చిన గడిలో నిలువుకూ ‘ర్యం’ ఉన్న మాటే కావాలి. అక్కడ ఎంత చెయ్యి తిరిగిన కూర్పరికైనా చెమట పడుతుంది. (ఇక్కడ చెమట సరైన జవాబే.) అయితే ఒక చేత్తో తీసుకున్నదాన్ని తెలుగు రెండో చేత్తో ఇచ్చేసింది. మన మాటలు అతుక్కునీ విడిపోయీ బతుకుతాయి. ‘ఆవు వెనకే బాట, అది చేరేది రాజమండ్రికి (3)’ అంటే ఆవు ‘గో’, బాట ‘దారి’, కలిస్తే ‘గోదారి’. అటునుంచి చదివితే కలప పలకవుతుంది, వడ్రంగి సరుకు బడిపిల్లాడి చేతికొస్తుంది. ఇంత వరం ఇంగ్లీషుకు లేదు.

‘తలకిందులైతే తీగ (2)’ అని మాస్టారే ఒకసారి ఇచ్చారు. తీగ అంటే లత, తలకిందులైతే ‘తల’ అని చటుక్కున రాశాను. ‘‘తప్పు. నా మాటను విడదీసి చూడు. ‘తల’ కిందులైతే ‘లత’’’ అన్నారు. నాదీ తప్పు కాదని వాదించాను. వాదన అరగంట సాగింది. చివరికి కాగితం మీద నాలుగు గళ్ళు గీసి, మొదటి గడిలో నిలువు మాట నుంచి ‘ల’ వచ్చి పడుతోందని చూపించి నన్ను ఓడించారు. ఆ గళ్ళు అప్పటికప్పుడు గీశారని నాకిప్పటికీ అనుమానం. అడ్డం చెప్పలేని తీర్పు నిలువు చెబుతుంది, నుడికట్టులో గళ్ళు ఉన్నది అందుకే.

మనకు ఈ న్యాయం కొత్తదేమీ కాదు. అవధానంలో న్యస్తాక్షరి అంటే ఇదే. పద్యంలో ఫలానా పాదంలో ఫలానా చోట ఫలానా అక్షరం రావాలని పృచ్ఛకుడు ముందే మేకు కొట్టేస్తాడు. అవధాని ఆ మేకుల మధ్యనుంచే పద్యాన్ని నడిపించుకు రావాలి. నిషిద్ధాక్షరిలో మేకు కొట్టడు, అడుగు వేయబోయిన చోటల్లా ముల్లు పరుస్తాడు. పదహారో శతాబ్దంలో పింగళి సూరన ‘రాఘవపాండవీయం’లో ఒకే పద్యంతో రామకథా భారతకథా రెండూ చెప్పించాడు. ‘కళాపూర్ణోదయం’లో ముందునుంచి చదివితే తెలుగు, వెనకనుంచి చదివితే సంస్కృతం అయ్యే పద్యం పెట్టాడు. తెనాలి రామకృష్ణుడికి అమ్మవారు ఇచ్చిందని చెప్పుకునే ‘వికటకవి’ బిరుదు ఎటునుంచి చదివినా అదే. వెక్కిరించబోయిన దేవత కూడా మాటను తూచి వాడిందన్నమాట. ఇంత ఆస్తి ఉన్న భాషలోకి నల్లగళ్ళూ తెల్లగళ్ళూ వచ్చి చేరినప్పుడు, వాటిని అందిపుచ్చుకున్నవాళ్ళు మామూలు మనుషులు కాకపోవడంలో వింత లేదు. శ్రీశ్రీ ‘పదబంధ ప్రహేళిక’ అన్నారు, ఆరుద్ర ‘గళ్ళ నుడికట్టు’ అన్నారు. ఒకరు సంస్కృతం వైపు నుంచి, ఒకరు తెలుగు వైపు నుంచి వచ్చి ఒకే గడిలో కలుసుకున్నారు. ‘మహాప్రస్థానం’ రాసిన చెయ్యి, ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ రాసిన చెయ్యి ఈ చిన్న గళ్ళ కోసం పెన్సిలు పట్టడాన్ని కాలక్షేపం అని కొట్టిపారేసే విమర్శకులున్నారు. వాళ్ళకు ఒక్క నల్లగడి ప్రదానం చేసి ముందుకు పోదాం.

తెలుగు ఇళ్ళలో ఇంగ్లీషు నుడికట్టు పిచ్చి అంటించిన పత్రిక ‘ది హిందూ’. 1971లో అందులో దేశీయంగా నుడికట్టు మొదలైనప్పుడు దాన్ని కూర్చింది అడ్మిరల్ రామ్‌దాస్ కటారి. 1958లో భారత నౌకాదళానికి అధిపతి అయిన తొలి భారతీయుడాయన. 1962లో దిగిపోయాక ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థకు అధ్యక్షుడిగా పనిచేశారు, బర్మాలో రాయబారిగా ఉన్నారు. యుద్ధనౌకలు, ఎర్రబస్సులు, రాయబారం అన్నీ చూసిన మనిషి చివరికి గళ్ళ దగ్గర కూర్చున్నారు. 1983లో కన్నుమూసేదాకా ఆ పని వదల్లేదు. ఓడల్ని నడిపినవాడికీ బస్సుల్ని నడిపినవాడికీ పదిహేను గళ్ళ చదరంలో దొరికిందేమిటి? బహుశా అవతల ఎవరో ఒకరు తప్పకుండా గమ్యం చేరతారన్న హామీ. మిగతా మూడు ఉద్యోగాల్లో అది ఉండదు.

ఈ గళ్ళు ఒక్కోసారి గీత దాటి లోకంలోకి పోయాయి కూడా. 1942 జనవరిలో ‘డైలీ టెలిగ్రాఫ్’ తమ నుడికట్టును 12 నిమిషాల్లో పూరించగలవారికి పోటీ పెట్టింది. గెలిచినవాళ్ళలో కొందరికి కొన్నాళ్ళకు యుద్ధశాఖ నుంచి రహస్యంగా పిలుపు వచ్చింది, శత్రువుల సంకేతాలు విప్పే బ్లెచ్‌లీ పార్కుకు. 1944 మేలో అదే పత్రిక జవాబుల్లో ‘యూటా’, ‘ఒమాహా’, ‘ఓవర్‌లార్డ్’ లాంటి మాటలు వరసగా వచ్చాయి. అవన్నీ నార్మండీ దండయాత్ర రహస్య సంకేతాలు. కూర్పరి లెనార్డ్ డా, ఆయనా ప్రధానోపాధ్యాయుడే. గూఢచారి విభాగం వచ్చి ప్రశ్నించి, ఏమీ దొరక్క వెళ్ళిపోయింది. రోజూ నాలుగు మాటల్లో నలభై మోసాలు చేసే మనిషి ఏ మోసమూ చేయనినాడు పట్టుబడ్డాడు.

నాకు వీటన్నిటికన్నా మనసులో నిలిచిపోయింది అరకేరియా పజిలు. జాన్ గ్రాహం అనే క్రైస్తవ మతాచార్యుడు 1958 నుంచి ‘గార్డియన్’కు కూర్చేవాడు. అరకేరియా ఒక చెట్టు పేరు. కోతి కూడా ఎక్కలేక తికమక పడుతుందని దానికి ఇంగ్లీషులో ‘మంకీ పజిల్’ అని వాడుక. 2013 జనవరిలో, తొంభై ఒకటో ఏట, ఆయన పజిలు పైన ఒక చిన్న గమనిక రాశాడు. అరకేరియాకు ఫలానా అంకె ఆధారంలో ఉన్నది వచ్చింది, ఫలానా అంకెల్లో ఉన్నది జరుగుతోంది అని అర్థం. పాఠకులు ఎప్పట్లాగే పెన్సిళ్ళు తీసి మొదలుపెట్టారు. గళ్ళు నిండేకొద్దీ మాటలు తేలాయి: క్యాన్సరు, అన్నవాహిక, ఉపశమన చికిత్స. తన జబ్బు సంగతి ఆయన పాఠకులతో చెప్పిన తీరు అది. ఎవరికీ గబుక్కున తెలియలేదు, ఎవరూ వేరేవాళ్ళ నోట వినలేదు. ఒక్కొక్కరూ తమ చేత్తో, ఒక్కో అక్షరమే రాసుకుంటూ తెలుసుకున్నారు. అన్నేళ్ళు తనతో ఆడినవాళ్ళకు ఆ మాత్రం ఓపిక ఉంటుందని ఆయనకు తెలుసు. ఆ నవంబరులో పోయాడు.

ఆ పజిలు గురించి మొదటిసారి చదివినప్పుడు కూర్పరికీ పూరించేవాడికీ మధ్య ఉన్నదేమిటో నాకు కొంచెం అర్థమైంది. పోటీ అంటారు కానీ ఆ మాట చాలదు. చదరంగంలో అవతలివాడు గెలవాలని ఆడతాడు. కూర్పరి ఓడిపోవాలనే ఆడతాడు, కాకపోతే తొందరగా కాదు. పిల్లాడితో దాగుడుమూతలు ఆడే తాతయ్య తలుపు వెనక దాక్కుని, పంచె కొస మాత్రం బయటికి వదిలినట్టు. ఆ కొస మరీ ఎక్కువ కనిపిస్తే పిల్లాడికి చిన్నతనం, అసలు కనిపించకపోతే ఏడుపు. ఎంత వదలాలో తెలియడమే కూర్పరి విద్య. కొందరికి అది రాదు. ఎవరికీ తెలియని కోశం నుంచి ఎండిపోయిన మాట తెచ్చి గడిలో కుక్కి, కష్టమైన పజిలు ఇచ్చామనుకుంటారు. అలాంటి జవాబు చూసినప్పుడు నోట ‘అబ్బా’ రాదు, ‘ఓహో’ అని పొడిగా అని పత్రిక మడిచేస్తాం. మంచి ఆధారం జవాబు తెలిశాక మన మీద మనకే కోపం రావాలి, కూర్పరి మీద మాత్రం ప్రేమ కలగాలి. ఈ రోజుల్లో ఫోనులో కొడితే జవాబు వచ్చేస్తుందని కుర్రాళ్ళు అంటారు. వస్తుంది. తాతయ్యను పట్టుకోవడానికి ఇంటికి కెమెరాలు పెట్టినట్టు.

1926లో గ్రాహం వాలస్ అనే ఆయన ఆలోచన నడిచే తీరును నాలుగు దశలుగా చెప్పాడు. మొదట సరుకు సమకూర్చుకోవడం, తర్వాత పొదగడం, ఆ తర్వాత మెరుపు, చివర సరిచూసుకోవడం. నుడికట్టు వాళ్ళకు రెండో దశ మహా ఇష్టం. ఆ దశలో పని చేస్తున్నట్టు ఎవరికీ కనబడదు కదా. కూరగాయలు బేరమాడుతుంటే, బస్సులో నిలబడి కడ్డీ పట్టుకుంటే, అవతలివాళ్ళు మాట్లాడుతుంటే తలూపుతూ కూర్చుంటే, లోపలెక్కడో కోడి పొదుగుతూనే ఉంటుంది. మా ఇంట్లో మూడు రోజులుగా నేను అడిగినదానికల్లా ‘ఊఁ’ అంటున్నానని ఫిర్యాదు.

శుక్రవారం రాత్రి కరెంటు పోయింది. ఉక్క. అటు తిరిగి పడుకున్నాను, గోడ వేడి. ఇటు తిరిగి పడుకున్నాను, దోమ. మళ్ళీ అటు. ఎప్పటికో రెప్ప బరువై, మగతలో మునిగిపోతున్న క్షణంలో ఎవరో వీపు మీద చరిచినట్టు లేచి కూర్చున్నాను. పట్టేది! కు, ను, కు. అటునుంచి తిప్పినా కు, ను, కు. మనిషి ఎటు తిరిగినా, మాటను ఎటు తిప్పినా అదే. ఒక్క మాట ఊరికే లేదు. చెమటకు దొరకని పని ఆ రెండు ‘తిరగడాల’కూ ఇప్పుడు దొరికింది. చీకట్లో ఒక్కణ్ణే నవ్వుకున్నాను. జవాబు చేతికి వచ్చింది, వచ్చిన కునుకు మాత్రం పోయింది.

టైము చూస్తే రెండు కావస్తోంది. ఇంత రాత్రివేళ పెద్దాయన్ను లేపడం మర్యాద కాదు. పొద్దున చూసుకుంటారులే అని ఆ మూడక్షరాలే మెసేజి పెట్టి ఫోను బోర్లించాను. నిమిషం కాకముందే అది మినుకుమంది. శభాష్ లేదు, సరే అన్న మాటా లేదు. మాస్టారు ఒక్క వాక్యమే పంపారు:

‘స్వప్నం వెనకే వరం వచ్చినా ఎందుకీ ఆందోళన? (4)’